నాపరాళ్ల యార్డుకు అమ్ముతున్న వెబ్‌సైటు ప్యాకేజీ: ఓనరు కోరిక, కొనేవాడి ఓపిక

కడప, యర్రగుంట్ల, తాడిపత్రి చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీలకు, బండల యార్డులకు వెబ్‌సైట్లు చేసిపెట్టే వాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. ఎవరి దగ్గరికి వెళ్లినా చేతిలో పెట్టేది ఇంచుమించు ఒకే సరుకు: వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేరు) మీద రెడీమేడ్ థీము (సైటు రూపం), ఐదారు పేజీలు, పైన కదిలే ఫోటోలు, ఎంక్వైరీ ఫారం, వాట్సాప్ బటన్, ఏడాదికి డొమైను (సైటు చిరునామా), ఏడాదికి హోస్టింగు (సైటును ఉంచే సర్వరు చోటు). అలాంటి ప్యాకేజీ ఒకటి కడపలో ఒక బండల యార్డుకు చేసి ఇచ్చారు. దాన్నే ఇక్కడ సమీక్షిస్తున్నాం. చేసినవాళ్ల పేరు, యార్డు పేరు రాయడం లేదు. ఇందులోని లోపాలు ఈ చుట్టుపక్కల సగం వ్యాపార సైట్లలో కనబడేవే కాబట్టి పేరుతో పనిలేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. పునాది బాగుంది, కొనవచ్చు. వర్డ్‌ప్రెస్ ఎంచుకోవడం సరైన పని. రేపు వీళ్లు పని మానేసినా ఇంకొకరు అందుకుని నడపగలరు. పేజీల విభజన కూడా అర్థవంతంగా ఉంది. కానీ మొదటి పేజీని, ఎంక్వైరీ పద్ధతిని ఉన్నవి ఉన్నట్టు తీసుకోవద్దు. ఆ రెండూ ఓనరు ఆఫీసులో, పెద్ద స్క్రీను మీద, మంచి వైఫైలో చూసి ఓకే చేసినవి. బండలు కొనేవాడు ఆ ఆఫీసులో కూర్చుని చూడడు. కట్టుబడి జరుగుతున్న చోట ఎండలో నిలబడి, పక్కన మేస్త్రీ అడుగుతుంటే, ఫోన్‌లో చూస్తాడు.

అలా చూసేవాడికి కావలసినవి ఏమిటి? ఏ సైజులున్నాయి, మందమెంత, పాలిష్ ఒకవైపా రెండువైపులా. చదరపు అడుగు ఎంత. తన ఊరికి చేరాలంటే లారీ బాడుగ ఎంత. ఎవరితో మాట్లాడాలి. ఓనరు కోరుకునేవి వేరే వరుసలో ఉంటాయి: ఫోన్లు రావాలి, ఊరికే రేటు అడిగి పెట్టేసే ఫోన్లు రాకూడదు, పోటీ యార్డుకు రేటు తెలియకూడదు, మన యార్డు పెద్దదిగా కనబడాలి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చదివితే పేచీ ఉన్నది ఒక్క రేటు దగ్గరే. మిగతావన్నీ కలిసిపోతాయి. సైజు, మందం, బాడుగ ముందే తెలిసినవాడు చేసే ఫోను సగం ఆర్డరు అయిపోయిన ఫోను. ఈ ప్యాకేజీ చేసినవాళ్లు ఓనరు జాబితా ఒక్కటే చదివి పని మొదలుపెట్టినట్టుంది.

పైన తిరిగే ఐదు ఫోటోలు

మొదటి పేజీ పైభాగంలో ఐదు ఫోటోల స్లైడర్ పెట్టారు. ఫోన్ కెమెరాతో తీసిన వాటిని తీసినట్టే ఎక్కించారు. ఒక్కోటి 3 ఎంబీ దాకా ఉంది. అంటే మొత్తం 15 ఎంబీ. గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ మొబైల్ పరీక్షలో నెట్టు వేగం సెకనుకు 1.6 మెగాబిట్లని అనుకుని లెక్కకడుతుంది (ఒక ఎంబీ అంటే 8 మెగాబిట్లు). ఆ వేగంలో మొదటి ఫోటో ఒక్కటే దిగడానికి 15 సెకన్లు, ఐదూ దిగడానికి 75 సెకన్లు. పేజీలో పెద్ద బొమ్మో పెద్ద వాక్యమో కనబడటానికి 2.5 సెకన్లు దాటకూడదని గూగుల్ పెట్టుకున్న కొలత. ఊళ్లో నాలుగు గీతల సిగ్నల్ ఉన్నప్పుడు ఈ తేడా తెలియదు. లేఅవుట్లలో, సెల్లార్లలో, ఊరి బయట సైట్ల దగ్గర బాగా తెలుస్తుంది. ఇళ్లు కట్టేది అక్కడే.

దీన్ని సరిచేయడం గంట పని. ఫోన్ తెరకు వెయ్యి పిక్సెళ్ల వెడల్పు చాలు, కెమెరా ఇచ్చేది నాలుగు వేలు. వెడల్పు వెయ్యికి తగ్గించి, వెబ్‌పీ ఫార్మాట్‌లో, నాణ్యత 75 దగ్గర సేవ్ చేస్తే ఫోటో 100 నుంచి 150 కేబీలకు దిగుతుంది. రాతి ఫోటోల్లో గరుకు ఎక్కువ కాబట్టి మామూలు ఫోటోలంత చిన్నవి కావు. అయినా ఒక సెకను లోపే దిగుతాయి.

ఇంకో లోపం కంటికి కనబడదు. వేగం కోసమని వేసిన ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాము) పేజీలోని ఫోటోలన్నింటికీ లేజీ లోడింగ్ పెట్టేసింది, అంటే ఫోటో తెర దగ్గరికి వచ్చేదాకా దించకుండా ఆపడం. కిందికి జరిపినప్పుడు కనబడే ఫోటోలకు అది మంచిదే. అన్నిటికంటే పైనున్న ఫోటోకి కూడా పెడితే బ్రౌజరు దాన్ని కావాలని ఆలస్యంగా అడుగుతుంది. 2023లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.3 నుంచి పై ఫోటోను ముందుగా తెప్పించే ఏర్పాటు దానంతటదే ఉంది. కానీ ఈ స్లైడర్ ఫోటోలను బ్యాక్‌గ్రౌండుగా వేస్తోంది కాబట్టి ఆ ఏర్పాటు దీనికి అందడం లేదు. స్లైడర్ తీసేసి మామూలు ఫోటో ఒకటి పెడితే ఈ చిక్కు కూడా తీరుతుంది.

తీసేయమంటే ఓనరు ఒప్పుకోడు, నిజమే. ఫ్యాక్టరీ, కట్టింగు మిషను, లోడింగు, ఇల్లు, ఆఫీసు ఐదూ కనబడాలంటాడు. ఆ కోరికలో తప్పేమీ లేదు. యార్డు పెద్దదని చూపించడం కొనేవాడికి కూడా ధైర్యమే. కానీ రెండో ఫోటో తిరిగేలోపే వేలు కిందికి జారిపోతుంది. కాబట్టి పైన ఒకే ఫోటో, దాని కిందే సైజుల పట్టిక, ఆ తర్వాత మిగతా నాలుగు ఫోటోలు వరుసగా. అన్నీ ఉంటాయి, ఎవరికీ అడ్డు రావు.

పైన పెట్టే ఆ ఒక్క ఫోటో ఏది? గేటు ఫోటో మాత్రం వద్దు. కడప బండ రంగు ఫోటోలో మోసం చేస్తుంది: తడి బండ నల్లగా నిగనిగలాడుతుంది, ఆరితే బూడిద రంగుకు తిరుగుతుంది, ఫ్లాష్ వేస్తే నీలం కొడుతుంది. ఈ సైటులో ఉన్నవన్నీ నీళ్లు చల్లి తీసినవే. సరుకు దిగాక రంగు వేరే వచ్చిందని గొడవపడేది ఇందుకే. పొద్దుటి ఎండలో, ఫ్లాష్ లేకుండా, ఒకే బండను సగం తడిపి సగం పొడిగా ఉంచి, పక్కన కొలత టేపు పెట్టి తీసిన ఫోటో ఒకటి ఉంటే ఆ గొడవ సగం తగ్గుతుంది. అంచు మందం తెలిసేలా పక్కనుంచి ఇంకోటి.

మూడో సెకనులో అడ్డుపడే ఫారం

సైటు తెరిచిన మూడు సెకన్లకు తెర మొత్తం కప్పేస్తూ ఒక ఫారం (పాపప్) వస్తుంది. పేరు, ఫోను, ఈమెయిలు, ఊరు, జిల్లా, ఏ రాయి, ఎంత కావాలి, సందేశం: ఎనిమిది గడులు, ఆరింటికి నక్షత్రం గుర్తు. మూసే గుర్తు కుడి మూలలో లేత బూడిద రంగులో, గోరంత కూడా లేదు. దాన్ని నొక్కబోయి పక్కన నొక్కితే ఫారంలోని గడి తెరుచుకుని కీబోర్డు పైకొస్తుంది. కీబోర్డు వచ్చాక ఆ గుర్తు తెర బయటికి పోతుంది. అక్కడ చాలామంది వెనక్కి బటన్ నొక్కుతారు. ఆ నొక్కుడుతో సైటే మూసుకుపోతుంది.

మొబైల్‌లో పేజీని కప్పేసే ఇలాంటి అడ్డుతెరలున్న పేజీలను వెతుకులాటలో కిందికి తోయవచ్చని గూగుల్ 2017 జనవరి 10 నుంచే అమలు చేస్తోంది. కాబట్టి ఫోన్ నంబర్లు పట్టుకోవడానికి పెట్టిన ఈ ఫారమే వచ్చేవాళ్ల సంఖ్యను కూడా తగ్గించగలదు.

ఓనరు వాదన ఒకటుంది, దాన్ని కొట్టిపారేయలేం: ఫారం లేకపోతే వచ్చినవాడు ఎవరో తెలియదు, మళ్లీ ఫోన్ చేసే వీలుండదు. అయితే నంబరు అడగాల్సిన చోటు వేరే ఉంది. సరుకు చూడకముందే అడిగితే పది తొమ్మిదులు కొట్టి ముందుకు పోతారు. అవి దొంగ నంబర్లని ఆఫీసులో కూర్చున్న అమ్మాయి పొద్దంతా ఫోన్లు చేసి తెలుసుకోవాల్సి వస్తుంది. సైజు ఎంచుకుని, ఎన్ని అడుగులు కావాలో వేసుకుని, ‘మా ఊరికి బాడుగతో కలిపి ఎంత’ అన్న ప్రశ్న దాకా వచ్చినవాడు నంబరు తనే ఇస్తాడు. జవాబు రావాలంటే ఇవ్వాలి కాబట్టి. అక్కడ మూడే గడులు చాలు: ఫోను, ఊరు లేదా పిన్ కోడ్, ఎన్ని చదరపు అడుగులు. పేరు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు తెలుస్తుంది. ఈమెయిలు ఈ వ్యాపారంలో ఆర్కిటెక్టులకు తప్ప ఎవరికీ అక్కరలేదు.

ఫారం లోపల కూడా మూడు చిన్న తప్పులున్నాయి. ఫోను గడి నొక్కితే అక్షరాల కీబోర్డు వస్తోంది. గడి రకాన్ని ‘టెల్’ అని మారిస్తే అంకెల కీబోర్డు వస్తుంది, ఫోన్‌లో సేవ్ అయిన నంబరు దానంతటదే కనబడుతుంది. నంబరు మధ్యలో ఖాళీ ఉన్నా, ముందు ప్లస్ 91 ఉన్నా తప్పని ఎర్రగా చూపిస్తోంది. ఖాళీలు తీసేసి చివరి పది అంకెలు తీసుకోవడం ప్రోగ్రాము చేయాల్సిన పని, మనిషి చేత చేయించకూడదు. మూడోది అన్నిటికంటే పాపం: ఒక గడిలో తప్పుంటే మిగతా ఏడూ ఖాళీ అయిపోతున్నాయి. రెండోసారి నింపే ఓపిక ఎవరికుంటుంది?

రేటు పెట్టాలా వద్దా

సైటులో రేటు ఎక్కడా లేదు. ప్రతి రాయి కింద ‘బెస్ట్ ప్రైస్ కోసం సంప్రదించండి’ అని ఉంది. పోటీవాడు చూస్తాడన్న భయం ఊరికే వచ్చింది కాదు, పక్క యార్డు అడుగుకు రూపాయి తగ్గిస్తే ఆర్డరు అటు పోతుంది. బాడుగ ఊరిని బట్టి మారుతుంది కాబట్టి ఒక్క రేటు పెట్టలేమన్నది కూడా నిజం. అయినా రేటు పూర్తిగా దాచడం తప్పనే మా అభిప్రాయం. పోటీవాడికి ఆ రేటు ఒక్క ఫోనుతో తెలిసిపోతుంది, తెలియనిది కొనేవాడికే.

మధ్యేమార్గం ఇది: మందానికి ఒకటి చొప్పున ‘ఇంత నుంచి ఇంత దాకా’ అని రేటు వేసి, పక్కనే తేదీ వేయాలి. కింద ఒకే వాక్యం: యార్డు దగ్గర ధర, జీఎస్టీ వేరు, లోడింగు వేరు, బాడుగ వేరు. మొదట తక్కువ రేటు చూపించి చివర్లో ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయే పద్ధతి వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న నోటిఫై చేసిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో (కొనేవాడిని మోసపుచ్చే సైటు ఎత్తుగడల్లో) ఒకటి. ముందే రాసిపెడితే ఆ చిక్కూ ఉండదు, సరుకు దించేటప్పుడు వాదులాటా ఉండదు.

ఆ జాబితాలోనే ఇంకోటి ఈ ప్యాకేజీలో ఉంది. ‘ఈ ఆఫరు ఇంకా రెండు గంటలే’ అని కింద ఒక గడియారం తిరుగుతోంది. పేజీ మళ్లీ తెరిస్తే మళ్లీ రెండు గంటల నుంచి మొదలవుతుంది. ‘ఇప్పుడు పన్నెండు మంది చూస్తున్నారు’ అన్న చీటీ కూడా అంతే, థీముతో వచ్చిన బొమ్మ అంకె. లేని తొందర పుట్టించడం ఆ మార్గదర్శకాల్లో మొదటిదే. అవి పెద్ద ఆన్‌లైన్ కంపెనీలతో పాటు అమ్మకందారులకు కూడా వర్తిస్తాయి. ఇల్లు కట్టుకునేవాడు రెండు గంటల్లో బండలు కొనడు. ఆ రెండూ వెంటనే తీసేయాలి.

ఈ ప్యాకేజీలో లేనిదీ, తప్పక ఉండాల్సిందీ బరువు లెక్క. బాడుగ టన్ను మీద, కొనుగోలు అడుగు మీద. కొనేవాడికి ఈ రెంటి మధ్య దారి తెలియదు. లెక్క కష్టమేమీ కాదు. నాపరాయి ఘనపు మీటరు సుమారు 2,650 కిలోలు. 20 మి.మీ. మందంలో ఒక చదరపు అడుగు బండ దాదాపు 5 కిలోలు తూగుతుంది, 30 మి.మీ. అయితే ఏడున్నర దాకా. వెయ్యి అడుగుల 20 మి.మీ. సరుకంటే సుమారు 5 టన్నులు, పది టన్నుల లోడులో రెండు వేల అడుగులు. గదుల కొలతలు వేస్తే మొత్తం అడుగులు, దానికి కటింగు, పగుళ్ల కింద పది శాతం కలిపి, టన్నులెన్నో చూపే చిన్న పెట్టె ఒకటి సైజుల పట్టిక కింద పెట్టాలి. ఫారం పెట్టాల్సింది దాని కిందే. అప్పుడు యార్డుకు వచ్చే ఎంక్వైరీలో ఊరు, అడుగులు, టన్నులు మూడూ ఉంటాయి. లారీ మాట్లాడేవాడికి ఒక్క ఫోను చేసి జవాబు చెప్పేయవచ్చు. ఓనరు పనీ తగ్గుతుంది.

సరుకు గురించి నిజం రాయడం కూడా ఇక్కడే. నాపరాయి సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగరు, బాత్రూములు కడిగే యాసిడ్ పడితే పాలిష్ పోయి తెల్లమచ్చ పడుతుంది. సైటులో మాత్రం ‘కిచెన్‌కు అత్యుత్తమం, మెయింటెనెన్స్ అక్కరలేదు’ అని ఉంది. అల్మారా అరలకు, మెట్లకు, వరండాకు, సజ్జలకు ఇది దిట్టమైన రాయి. గ్యాసు పొయ్యి గట్టుకు వేసుకునేవాళ్లు సీలరు (మరకలు ఇంకకుండా పూసే పూత) కొట్టించుకోవాలి, పులుపు పడితే వెంటనే తుడవాలి. ఈ రెండు వాక్యాలు రాస్తే ఆర్డరు పోతుందని భయం. ఏడాది తర్వాత మచ్చలు పడ్డాయని వచ్చే ఫోను కంటే ఇది నయం, పైగా నిజం చెప్పిన యార్డు పేరు మేస్త్రీల నోట నిలుస్తుంది.

బటన్లు, మ్యాపు

ఫోన్ తెర మీద నాలుగు బటన్లు తేలుతూ ఉంటాయి: వాట్సాప్, కాల్, చాట్ బుడగ, పైకి వెళ్లే బాణం. నాలుగూ కుడివైపే. సైజుల పట్టిక చదువుతుంటే కుడి చివరి వరుస, అంటే మందం వరుస, వాటి కింద దాగిపోతుంది. పట్టికను పక్కకు జరపడమూ కుదరదు.

చాట్ బుడగ తీసేయండి. దానికి జవాబు చెప్పే మనిషి యార్డులో లేడు, కానీ ఆ బుడగ కోసం బయటి సర్వరు నుంచి బండెడు స్క్రిప్టు దిగుతోంది. బాణం కూడా అక్కర్లేదు. మిగిలిన రెండింటినీ తెర అడుగున ఒకే పట్టీలో, చెరి సగం వెడల్పుతో పెట్టాలి. ఎత్తు 48 పిక్సెళ్లుంటే బొటనవేలికి సరిగ్గా అందుతుంది. ఆండ్రాయిడ్ సిఫారసు కూడా అంతే. పేజీ అడుగున అంతే ఎత్తు ఖాళీ వదలడం మరిచిపోవద్దు, లేకపోతే చివరి వాక్యం పట్టీ కింద పడుతుంది.

వాట్సాప్ బటన్ నొక్కితే ‘ఈ నంబరు వాట్సాప్‌లో లేదు’ అని వస్తోంది. కారణం చిన్నదే: లింకులో పది అంకెలే ఇచ్చారు. ముందు 91 ఉండాలి. ప్లస్, సున్నా, గీతలు, ఖాళీలు ఉండకూడదు. సరిచేస్తూ ఇంకో మేలు కూడా చేయవచ్చు. పట్టికలో ప్రతి సైజుకు విడిగా లింకు ఇచ్చి, సందేశం ముందే రాసి ఉంచవచ్చు: ‘20 మి.మీ., 2×2 అడుగులు, రెండువైపుల పాలిష్. కావలసింది … అడుగులు. ఊరు …’ కొనేవాడు రెండు ఖాళీలు నింపి పంపుతాడు, యార్డులో ‘హాయ్’లతో మొదలయ్యే పది సందేశాల బేరం తప్పుతుంది.

మ్యాపు మొదటి పేజీలోనే పూర్తిగా పరిచేశారు. అది బరువు, పైగా కిందికి జరుపుతుంటే వేలు అందులో ఇరుక్కుంటుంది. ‘దారి చూపు’ అనే ఒక్క లింకు చాలు. ఆ గుర్తు ఆఫీసు దగ్గర కాకుండా లారీ లోపలికి తిరిగే గేటు దగ్గర పెట్టాలి.

తెలుగు

సైటులో తెలుగు ఉన్నందుకు మెచ్చుకోవాలి, చాలా యార్డుల సైట్లలో అదీ లేదు. కానీ స్వాగత వాక్యాలు అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడేవి) టైపు చేసి బొమ్మగా ఎక్కించారు. ఫ్లెక్సీకి చేసిన డిజైనే ఇక్కడికి వచ్చినట్టుంది. బొమ్మలోని అక్షరాలను గూగుల్ మామూలు పాఠంలా పట్టుకోలేదు, వేళ్లతో పెద్దది చేస్తే మసకబారుతుంది, చూపు తక్కువైనవాళ్ల కోసం చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దాన్ని దాటేస్తుంది. ఆ వాక్యాలన్నీ యూనికోడ్‌లో (ఏ ఫోన్‌లోనైనా అక్షరాలుగానే కనబడే పద్ధతిలో) మళ్లీ టైపు చేయించాలి.

యూనికోడ్‌లో ఉన్న చోట ఇంకో జబ్బు. థీము ఇంగ్లీషు కోసం చేసింది. శీర్షికల్లో లైన్ హైట్ (అక్షరం సైజుతో పోలిస్తే ఒక్కో లైనుకు ఇచ్చే ఎత్తు) 1.2 పెట్టారు. ‘ఉత్పత్తులు’ లాంటి మాటలున్న శీర్షిక రెండు లైన్లుగా విరిగినప్పుడు పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటున్నాయి. ఒక బటన్ మీదైతే వత్తుల అడుగు భాగం కత్తిరించినట్టు పోయింది. తెలుగుకు శీర్షికల్లో 1.5, మామూలు పాఠంలో 1.7 దాకా ఉండాలి. బటన్లకు ఎత్తు బిగించకుండా పైనా కిందా ఖాళీ ఇవ్వాలి. అక్షరాల మధ్య ఎడం పెంచే సెట్టింగు కూడా ఇంగ్లీషు పెద్దక్షరాల కోసం పెట్టిందే, తెలుగులో మాట చెదిరిపోతుంది, సున్నా చేయండి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతుంది. అక్షరాల మందాలు (ఫాంటు బరువులు) రెండు చాలు, మామూలుది, బోల్డు. ఈ ప్యాకేజీలో ఐదు బరువులు దించుతున్నారు, మూడు ఎక్కడా వాడలేదు.

లేత బూడిద అక్షరాలు తెల్ల నేల మీద: ఆఫీసులో నాజూకుగా ఉంటాయి, ఎండలో కనబడవు. అక్షరానికీ నేలకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఎండలో చదివేవాళ్ల కోసం మేమైతే 7 అడుగుతాం.

ఓనరు పట్టించుకోని ఓనరు అవసరాలు

యజమాని కోరిన స్లైడరు, పాపప్ అన్నీ పెట్టిన ఈ ప్యాకేజీ యజమానికి నిజంగా కావలసినవి మాత్రం వదిలేసింది. డొమైను చేసినవాళ్ల ఖాతాలో, వాళ్ల ఈమెయిలు మీద ఉంది. రేపు మాట తేడా వస్తే యార్డు పేరు వాళ్ల చేతిలో ఉంటుంది. డొమైను ఖాతా, హోస్టింగు ఖాతా రెండూ ఓనరు ఈమెయిలు మీద తెరిపించి, చేసేవాళ్లకు పని వరకు అనుమతి ఇవ్వడం పద్ధతి. వర్డ్‌ప్రెస్‌లో ఓనరుకు ఇచ్చింది ఎడిటర్ ఖాతా. సైటు మొత్తం మీద అధికారముండే అడ్మినిస్ట్రేటర్ ఖాతా అడిగి తీసుకోవాలి. ఎస్ఎస్ఎల్ (సైటుకూ ఫోన్‌కూ మధ్య సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఏర్పాటు) కోసం విడిగా డబ్బు వేశారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, చాలా హోస్టింగుల్లో దానంతటదే రెన్యువల్ అవుతుంది. సర్వరు దూరంగా అమెరికాలో ఉంది, అదే ధరకు దగ్గర్లోని ముంబై సర్వరు అడగవచ్చు.

అడుగున సందర్శకుల లెక్క తిప్పే మీటరు పెట్టారు. దాంతో ఓనరుకు ఒరిగేది లేదు. కాల్ బటన్ ఎన్నిసార్లు నొక్కారు, వాట్సాప్ ఎన్నిసార్లు, ఏ సైజు లింకు ఎక్కువ: ఈ మూడింటినీ గూగుల్ అనలిటిక్స్‌లో (సైటు వాడకాన్ని లెక్కపెట్టే గూగుల్ సాధనంలో) ఈవెంట్లుగా, అంటే లెక్కపెట్టాల్సిన నొక్కుళ్లుగా పెట్టించుకుంటే ఏ సరుకు ముందుగా కోయించాలో కూడా తెలుస్తుంది.

నంబర్లు తీసుకుంటున్నందుకు బాధ్యత కూడా ఉంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత పద్ధెనిమిది నెలలకు అమలవుతాయి. నంబరు ఎందుకు తీసుకుంటున్నారో తేటగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఫారం కింద ‘ఈ నంబరుకు రేటు, బాడుగ చెప్పడానికే ఫోన్ చేస్తాం’ అని తెలుగులో రాసి, దానికే కట్టుబడాలి. ఇప్పుడున్న ఫారంలో ‘ఆఫర్లు పంపండి’ అన్న గడికి ముందే టిక్కు పెట్టేశారు. తీసేయాలి.

కొనేముందు, చివరి వాయిదా ఇచ్చేముందు

ఇదే ప్యాకేజీ కొంటే ఒప్పంద కాగితంలో రాయించుకోవాల్సినవి: స్లైడరు, పాపప్, చాట్ లేకుండా, మొదటి పేజీ మొత్తం బరువు 1 ఎంబీ దాటకుండా, పేజ్‌స్పీడ్ మొబైల్ పరీక్షలో పెద్ద బొమ్మ కనబడే సమయం 2.5 సెకన్లలోపు, పేజీ కుదుపు 0.1లోపు; ఖాతాలన్నీ ఓనరు పేరు మీద; సైజుల పట్టిక, రేట్లు, తేదీ ఓనరు తనే మార్చుకునేలా. కుదుపు అంటే ఫోటో ఆలస్యంగా వచ్చి చదువుతున్న వాక్యాన్ని కిందికి తోసేయడం. ప్రతి ఫోటోకు వెడల్పు, ఎత్తు రాస్తే ఆగిపోతుంది. ఈ మార్పులకు ఎక్కువ డబ్బు అడిగితే ఇవ్వకండి, వీటిలో చాలావరకు ఉన్నవి తీసేయడమే.

పని అయిందని చెప్పాక సైటును ఓనరు ఫోన్‌లో చూడవద్దు. అందులో పేజీలు ముందే దిగి ఉంటాయి, వేగంగానే కనబడుతుంది. లోడింగు దగ్గరుండే మనిషి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని, వైఫై ఆపి, యార్డు బయట ఎండలో తెరవాలి. 30 మి.మీ. బండ రేటు కనుక్కుని, 850 అడుగులకు టన్నులెన్నో చూసి, వాట్సాప్‌లో సందేశం పంపమనాలి. పక్కన నిలబడినవాళ్లు నోరు విప్పకూడదు. అతను ఎక్కడ ఆగితే అక్కడ పని మిగిలినట్టు. ఆ సందేశం ఆఫీసు ఫోన్‌లో సైజుతో, అడుగులతో, ఊరి పేరుతో దిగిన తర్వాతే చివరి వాయిదా.